వాక్య ధ్యానం రాయడం – 4వ పాఠం: వంతెన దగ్గరే ఆగిపోయినవారికి

వాక్య ధ్యానం అంటే బైబిల్ వాక్యం ఆధారంగా రాసే చిన్న రచన. దానికి ముగింపు ఎలా రాయాలో ఈసారి చెప్పాలనుకున్నాను. మీరు పంపిన ధ్యానాలు చదివాక ఆ పాఠాన్ని వాయిదా వేశాను.

పోయిన పాఠంలోని కథ ఇది. 1726లో కోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియన్ వర్తకుడు చెన్నైలోని సైదాపేట దగ్గర అడయారు నది మీద సొంత డబ్బుతో వంతెన కట్టించాడు. యేసు శిష్యుడు తోమా అపొస్తలుడు హతసాక్షి అయ్యాడని, అంటే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చాడని, సంప్రదాయం చెప్పే పరంగిమలై కొండకు మెట్లూ వేయించాడు. దీనికి వాక్యం జోడించమంటే దాదాపు అందరూ ఒకటే రాశారు: యేసే మనకు వంతెన.

మాట తప్పు కాదు. దానికి ఉస్కాన్ ఎందుకు? చెన్నైలోనే కూవం నది మీద ఏ వంతెన చూపించినా సరిపోతుంది. కథలో కంటబడిన వస్తువును పట్టుకుని వాక్యంలోకి దూకడం నాకు అసలు గిట్టదు. వంతెన యేసు, ఏరు పాపం, మెట్లు ఆత్మీయ ఎదుగుదల. ఒకరైతే వంతెన కమానులను నలుగురు సువార్తికులను చేశారు. కమానులు ఎన్నో నేను చెప్పనే లేదు!

వస్తువును వదిలి మనిషి చేసిన పనిని చూడండి. వ్యాపారానికి వచ్చిన పరదేశి ఊరివాళ్లు నడవడానికి ఖర్చు పెట్టాడు. బైబిల్ యాప్‌లో నేను ‘వంతెన’ అని వెతకను, ‘కట్టించెను’ అని వెతుకుతాను. లూకా 7 దొరుకుతుంది. కపెర్నహూము ఊళ్లోని శతాధిపతి (వందమంది సైనికుల అధికారి) కూడా పరాయివాడే. యూదులకు సమాజమందిరం కట్టించాడు. పెద్దలు యేసు దగ్గర దాన్నే అతని యోగ్యతగా చూపించారు. అతను పంపిన కబురులో మాత్రం దాని ఊసే లేదు. మీరు నా ఇంటికి రావడానికి నేను తగను అన్నాడు.

ఉస్కాన్ తన వంతెనకు శిలాఫలకం పెట్టించాడు. అతన్ని చిన్నబుచ్చకండి. మన మందిరాల్లో ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లుంటాయి, ఫ్యాను ఆగినప్పుడు చదువుకోవచ్చు. చేసిన మేలును ఎవరు చెప్పాలి? మీ ధ్యానం ఈ ప్రశ్నతో మొదలుకావాలి.

తోమా కథలాంటి సంప్రదాయాన్ని సంప్రదాయమనే రాయాలని వేరే చెప్పనక్కరలేదు.

అభ్యాసం: చెన్నై సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిని 1680లో ప్రతిష్ఠించారు. ఫిరంగి గుండ్లకు తట్టుకునేలా పైకప్పును మందంగా, కమాను ఆకారంలో కట్టారు. ఈ ఒక్క చర్చి మీదే మూడు ధ్యానాలు రాయండి. వాక్యభాగాలు మూడూ వేరుగా ఉండాలి, రెండు పాత నిబంధనవి కావాలి, ఒక్కొక్కటి పన్నెండు పంక్తులు దాటకూడదు. ‘ఆశ్రయదుర్గం’ అన్న మాట కనిపిస్తే అక్కడితో చదవడం ఆపేస్తాను.