టెస్టులో కనిపించిన లింక్ ప్రివ్యూ బయట కనిపించట్లేదా?

సమస్య: సైట్‌కి లింక్ ప్రివ్యూ (లింక్ పంపితే బొమ్మ, పేరుతో కనిపించే కార్డు) పెట్టారు, అయిదుగురికి చూపించారు, అందరూ బాగుందన్నారు. తీరా సైట్ వదిలాక వాట్సాప్‌లో ఉత్త లింకే వెళ్తోందని ఫోన్లు.

టెస్టుకు మనుషుల్ని పిలవకముందే ఆ లింక్‌ని ఫేస్‌బుక్ షేరింగ్ డీబగ్గర్‌లో (లింక్ ప్రివ్యూని తనిఖీ చేసే వెబ్ పేజీ) వేసి చూడండి. ఓజీ టైటిల్, ఓజీ ఇమేజ్ (ప్రివ్యూలో ఏ పేరు, ఏ బొమ్మ రావాలో పేజీ కోడ్‌లో చెప్పే ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు) లేకపోయినా, జావాస్క్రిప్ట్ నడిచాక గానీ పేజీలోకి రాకపోయినా అక్కడే తెలిసిపోతుంది. రెండు నిమిషాల పని. దీన్ని వదిలేసి నేరుగా టెస్టుకు కూర్చునేవాళ్ళు ఇంకా ఎంతోమంది. ట్యాగే లేని పేజీ చూపించి ఒకరి అరగంట తినేయడం తప్పు.

అదంతా సరిగ్గానే ఉన్నా నన్ను దెబ్బతీసిన కారణం ఇంకొకటుంది. వాట్సాప్‌లో ప్రివ్యూ తయారయ్యేది పంపేవాళ్ళ ఫోన్‌లో. అవతలివాళ్ళకు చేరేది అప్పటికే తయారైన కార్డు. తిరుపతిలో ఒక లాడ్జి సైట్ చేసినప్పుడు ఆఫీసు వైఫైలో కూర్చుని, నా ఫోన్ నుంచే అయిదుగురికి లింక్ పంపాను. అందరికీ కార్డు చక్కగా కనిపించింది. నేను పరీక్షించింది నా వైఫైనేనని అప్పుడు తట్టలేదు.

తర్వాత బస్టాండు దగ్గర టీ కొట్టులో ఒక ట్యాక్సీ డ్రైవర్‌ని అడిగాను, "అన్నా, ఈ రూమ్ లింక్ మీ వాళ్ళకెవరికైనా పంపు" అని. కాపీ చేశాడు, పేస్ట్ చేశాడు, వెంటనే పంపే బాణం నొక్కేశాడు. కార్డు రావడానికి మూడు సెకన్లు పట్టేది, ఆయన ఒక్క సెకను కూడా ఆగలేదు. నీలం అక్షరాల లింకొక్కటే వెళ్ళింది. "ఏందన్నా ఇది, మోసం లింక్ మాదిరి ఉండాదే!" అన్నాడు. యాత్రకొచ్చి రూమ్ వెతుక్కునేవాళ్ళకూ అదే అనుమానం వస్తుంది కదా.

అందుకే టెస్టులో లింక్ మీరు పంపకండి, వాళ్ళ ఫోన్ నుంచి వాళ్ళచేతే పంపించండి. వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద. ఫార్వర్డ్ వద్దు, ముందే తయారైన కార్డే పోతుంది. కాపీ చేసి పేస్ట్ చేయాలి. ప్రివ్యూ అనే మాటే ఎత్తకండి, ఎత్తారంటే దానికోసమే ఆగి చూస్తారు. పేస్ట్ చేశాక ఎన్ని సెకన్లకు పంపారో, అప్పటికి కార్డు వచ్చిందో లేదో రాసుకోండి. అయిదుగురు చాలు. అయిదుగురితోనే చాలా తప్పులు బయటపడతాయని యూజబిలిటీ (వాడకం తేలికగా ఉందో లేదో చూసే) నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు.

ఇక సైట్‌లో చేయాల్సింది: బొమ్మ 1200 బై 630 పిక్సెల్స్‌లో, 300 కేబీ లోపు ఉండాలి. ఓజీ ట్యాగులు పేజీ కోడ్ మొదట్లో ఉండే హెడ్ భాగంలో, పైనే పెట్టండి. సర్వర్ నిదానంగా ఉంటే ముందు దాని సంగతి చూడండి. మా లాడ్జి బొమ్మ ఒక ఎంబీ దాకా ఉండేది. కుదించాక కార్డు టక్కున వచ్చింది.

మార్చినా పాత బొమ్మే వస్తోందంటే అది క్యాష్, అంటే ముందు దాచుకున్న పాత కాపీ. డీబగ్గర్‌లో మళ్ళీ స్క్రేప్ చేయండి (పేజీని కొత్తగా చదివించండి), వాట్సాప్ టెస్టుకైతే ప్రతిసారీ లింక్ చివర ?v=2 లాంటి కొత్త తోక తగిలించండి. రోబోట్స్ ఫైల్ (బాట్లు ఏ పేజీలు చదవొచ్చో చెప్పేది) అడ్డుపడటం, ఎస్ఎస్ఎల్ (సైట్ భద్రతా సర్టిఫికెట్) తేడాలు అరుదు; పైవన్నీ అయ్యాకే అటు వెళ్ళండి.