ఆరుబయట ప్లైవుడ్ బిగించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

కొనేటప్పుడే షీటుపై ఐఎస్ఐ గుర్తును, దానితో పాటు ముద్రించిన ప్రమాణ సంఖ్యను చదవాలి. ఐఎస్ 303 కింద వచ్చే ఎంఆర్ (కొంత తేమను మాత్రమే తట్టుకునే) రకం ఇంటి లోపలి పనులకే సరిపోతుంది. వాన తగిలే చోట బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకాన్ని గాని, తడి మరీ ఎక్కువైతే ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్‌ను గాని ఎంచుకోవాలి.

అయితే నీటిని తట్టుకునేది పొరలను అతికించిన ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురే తప్ప చెక్క కాదని మరువరాదు. అందుకే కోసిన ప్రతి అంచుకూ, స్క్రూల కోసం వేసిన ప్రతి రంధ్రానికీ, బిగించిన తరువాత చేయి అందని వెనుక వైపుకూ ముందుగానే ప్రైమర్, అది పూర్తిగా ఆరాక ఆరుబయట చెక్కకు వాడే పెయింటు పట్టించాలి. నీటిని ఎక్కువగా పీల్చేవి అంచులే. నేను చూసినంతవరకు షీటు ఉబ్బడం అక్కడి నుంచే మొదలవుతుంది కనుక ఈ పనిలో తొందర ఏమాత్రం తగదు.

షీట్ల మధ్య సుమారు 3 మిల్లీమీటర్ల సందు వదలాలి. ప్లైవుడ్‌ను కప్పుగా వేస్తే దానికి వాలు ఉండాలి. అడుగు అంచు నేలను తాకితే చెమ్మతో పాటు చెదలూ ఎక్కుతాయి. విశాఖపట్నం వంటి సముద్రతీరపు ఊళ్లలో మామూలు ఇనుప మేకులు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలనే వాడాలి. కోసేటప్పుడు మాస్కు, రక్షణ కళ్లద్దాలు తప్పనిసరిగా ధరించాలి.