అటక మీది క్రిస్మస్ కథల పెట్టె

మా ఇంట్లో అటక మీద ఒక ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఉంది. ఏడాదిలో పది నెలల పైన దానికి తాళమే. నవంబరు ఆఖరుకి వచ్చేసరికి “అమ్మమ్మా, పెట్టె ఎప్పుడు దింపుతావ్?” అంటూ మనవలు నా కొంగు పట్టుకుని తిరుగుతారు. అందులో ఉన్నవి 23 కథల పుస్తకాలు, ఒక నోటుబుక్కు.

మీ ఇంట్లోనూ ఇలాంటి అలవాటు పెట్టాలనుకుంటే ముందు పుస్తకాలు దాచే చోటు చూసుకోండి, కొనడం తర్వాత. ఏడాది పొడవునా బల్ల మీద పడుండే పుస్తకం వైపు పిల్లలు కన్నెత్తి చూడరు. అదే పుస్తకం పదకొండు నెలల తర్వాత కనబడితే “ఇది నాకు తెలుసు, ఇందులో గొర్రెపిల్ల తప్పిపోతుంది!” అని గంతులేస్తారు. అట్టపెట్టె అయినా సరిపోతుంది. మూత ఉండాలి, పిల్లల చెయ్యి అందకూడదు.

పుస్తకాలు ఒకేసారి పాతిక కొనెయ్యకండి. నేను 1988లో రెండింటితో మొదలుపెట్టాను. అప్పుడు నేను ఆసుపత్రిలో నర్సుని, నైట్ డ్యూటీలు ఎక్కువ. ఆ జీతంలో ఏడాదికి ఒక్కటి కొనగలిగేదాన్ని, అది కూడా పాత పుస్తకాల కొట్లో. ఇప్పుడైతే ప్రథమ్ బుక్స్ వాళ్ళ వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. క్రిస్మస్ కథే కానక్కర్లేదు. ఒకరికొకరు పెట్టుకోవడం, దారి తప్పినవాళ్ళు ఇల్లు చేరడం, ఇలాంటి కథ ఏదైనా పెట్టెలో ఇమిడిపోతుంది. ప్రింట్ తీయించి, కుట్టించి పెట్టుకోండి. ఫోన్‌లో మాత్రం చదవొద్దు. కథ మధ్యలో ఎవరిదో మెసేజ్ వస్తుంది, పిల్లల కళ్ళు అటే పోతాయి.

పుస్తకం ఎంచేటప్పుడు నేను చూసేది ఒకటే, గట్టిగా చదివితే నోటికి హాయిగా ఉండాలి. కొట్లోనే నిలబడి ఒక పేజీ పైకి చదవండి. నాలుక తడబడితే వదిలెయ్యండి. బొమ్మలు ఎంత బాగున్నా సరే.

చాలా క్రిస్మస్ పుస్తకాల్లో మంచు కురుస్తుంది. మన పిల్లలకు మంచు అంటే అరకులో తెల్లారగట్ల కమ్ముకునేది. “మంచులో బండి జారిపోయిందట” అని చదివితే మా చిన్నాడు “పొగలో ఎలా జారుతుంది?” అన్నాడు. పాపం, వాడి తప్పేముంది, రెంటికీ మనకున్నది ఒకటే మాట కదా. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన తెల్లటి పొడి గీకి వాడి అరచేతిలో పెట్టాను. ఆకాశం నుంచి ఇది రాలుతుందని చెప్తే చాలాసేపు పైకప్పు వంక చూశాడు. కథలో పరాయి సంగతి వచ్చినప్పుడు దాటెయ్యకండి, మార్చి చదవకండి కూడా. మన దగ్గర దానికి దగ్గరగా ఏముందో వెతికి చూపించండి. సత్రం అంటే సింహాచలంలో చూసిందే. నజరేతు నుంచి యేసు పుట్టిన బేత్లెహేముకు దూరం సుమారు 150 కిలోమీటర్లు, ఇంచుమించు మా విశాఖపట్నం నుంచి కాకినాడంత. “నిండు నెలల అమ్మ అంత దూరం వెళ్ళింది, బస్సు లేదు, రైలు లేదు” అంటే అయిదేళ్ళ పిల్లకి కూడా గుండె కలుక్కుమంటుంది.

రోజూ చదవాలని మాత్రం పెట్టుకోవద్దు. డిసెంబరులో కేరల్ పాటల ప్రాక్టీసులు, అరిసెల పాకం, ఇంటికి సున్నాలు, పరీక్షలు. నాలుగో రోజుకే తప్పుతుంది, తప్పాక మనసు పోతుంది. మేము క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు నాలుగు ఆదివారాలు, డిసెంబరు 24 రాత్రి, జనవరి 6, మొత్తం ఆరు రోజులు పెట్టుకున్నాం. మొదటి ఆదివారం నవంబరు 27కీ డిసెంబరు 3కీ మధ్య వస్తుంది. ఆ సాయంత్రం పెట్టె దింపుతాం. ఇక్కడ డిసెంబరులో అయిదున్నరకే పొద్దు వాలిపోతుంది కాబట్టి ఏడింటికి భోజనాలు కానిచ్చి ఏడున్నరకు చాప వేస్తాం. ట్యూబ్‌లైటు తీసేసి, గుమ్మంలో కాగితపు స్టార్, నా పక్కన టేబుల్ లైటు ఉంచుతాం. ఇరవై నిమిషాలు, అంతకు మించి వద్దు.

మొదటి ఆదివారం ప్రయాణం కథ. రెండోసారి నికొలాస్ కథ, ఎందుకంటే ఆయన పండుగ డిసెంబరు 6. ఎర్ర కోటు తాత వెనక ఇప్పటి టర్కీలో ఉన్న మైరా అనే ఊరి బిషప్ ఉన్నాడనీ, రాత్రిపూట ఎవరికీ తెలియకుండా పేదింట్లో బంగారు మూటలు పడేశాడని కథలు చెప్పుకుంటారనీ తెలిశాక మా పిల్లలు కానుకల గురించి అడిగే తీరే మారింది. మూడో ఆదివారం గొర్రెల కాపరులు. నాలుగోది పిల్లల ఇష్టం. ప్రతిసారీ ఆ గొర్రెపిల్ల పుస్తకమే తీస్తారు, నేనూ అడ్డు చెప్పను.

24 రాత్రి కథల పుస్తకం తియ్యం. బైబిల్లో యేసు పుట్టిన కథ ఉన్న లూకా సువార్త రెండో అధ్యాయమే చదువుతాం. పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి లాంటి మాటలు పిల్లలకు కష్టమని కొందరు తేలిక చేసి చదువుతారు. నేను చెయ్యను. 1805లో లండన్ మిషన్ నుంచి వచ్చిన ఇద్దరు ఈ విశాఖపట్నంలోనే ఉండి, తెలుగు నేర్చుకుని, సువార్తల అనువాదం మొదలుపెట్టారు. లూకాతో కలిపి మూడు సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. అచ్చయిన ఆ అనువాదం మా ఊళ్ళోనే మొదలైంది. ఆ సంగతి పిల్లలకు చెప్పి మరీ చదువుతాను.

యేసును చూడటానికి నక్షత్రం వెంట వచ్చిన జ్ఞానుల కథ మాత్రం వాళ్ళ పండుగ జనవరి 6 దాకా ఆపుతాను. వాళ్ళు ముగ్గురని బైబిల్లో లేదు. ఉన్నది మూడు కానుకలే, బంగారం, సాంబ్రాణి, బోళం. ఆ రోజు బొగ్గు మీద చిటికెడు సాంబ్రాణి వేసి పొగ పెడతాను. తర్వాత అందరం డాబా ఎక్కి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ వెలుగు చూస్తాం. నక్షత్రం వెంట నడవడం అంటే ఏమిటో పడవల ఊరి పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

పదేళ్ళు దాటిన పిల్లలు “ఇవి చిన్నపిల్లల కథలు” అని లేచిపోతారు. మా వాడు పదకొండో ఏట అలాగే చేశాడు. బతిమాలలేదు. కథలో హేరోదు రాజు మాటలు నువ్వే చదవాలి, గొంతు గంభీరంగా ఉండాలి అన్నాను. అంతే, కదల్లేదు. పై వాటాలో ఉండే పిల్లలు కూడా వస్తారు. వాళ్ళు సంక్రాంతికి మాకు భోగిమంట కథలు చెప్తారు. పుణెలో ఉన్న మా అబ్బాయి పిల్లల కోసం రెండు పుస్తకాలు రెండేసి ప్రతులు కొని ఒక్కోటి పోస్టులో పంపాను. వీడియో కాల్‌లో పేజీ నంబరు చెప్పి చదువుతాను, అక్కడ వాళ్ళు తిప్పుకుంటారు.

నోటుబుక్కు సంగతి చెప్పాలి. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను గాలికి కిటికీ అద్దాలు పగిలి ఇల్లంతా నీళ్ళు. పెట్టె అప్పుడు కిటికీ కిందే ఉండేది. రెండు రోజుల తర్వాత తెరిస్తే అడుగున ఉన్న తొమ్మిది పుస్తకాలు ముద్దయిపోయాయి. నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అప్పుడు ఏడేళ్ళున్న పెద్ద మనవరాలు “అమ్మమ్మా, నాకు వచ్చు కదా” అని పోయిన కథ ఒకటి మొదలుపెట్టింది. నేను చదివే చోట నేను ఆగినట్టే ఆగి, నేను దగ్గే చోట తనూ దగ్గి. కొవ్వొత్తి వెలుగులో కూర్చుని ఆ తొమ్మిదీ తను చెప్తుంటే నేను రాశాను. బొమ్మలు తనే వేసింది. దాని ఒంటె మన వీధి ఆవులా ఉంటుంది. ఇప్పుడు ఆ పిల్ల ఇంజనీరింగ్ చదువుతోంది. కిందటి ఏడు తన నోటుబుక్కు తనే తీసి చిన్నవాళ్ళకు చదివింది.

అందుకే పెట్టె అటక ఎక్కింది. సముద్రపు గాలికి ఇక్కడ కాగితం ఊరికే బూజు పడుతుంది. జనవరి 7న పుస్తకాలు రెండు పూటలా నీడలో ఆరబెట్టి, మధ్యమధ్య ఎండు వేపాకు వేసి, ఒక్కోటీ ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. పెట్టేముందు మొదటి పేజీలో ఆ ఏడాది, ఎవరెవరు విన్నారో వాళ్ళ పేర్లు రాయండి. రాయడం రాని పిల్లల చేత వేలిముద్ర వేయించండి. గొర్రెపిల్ల పుస్తకంలో మా అమ్మాయి వేలిముద్ర, దాని కింద దాని కూతురి వేలిముద్ర ఉన్నాయి.