పాత ఊళ్లలో, చారిత్రక భవనాల్లో షూటింగ్ లొకేషన్ ఎలా చూడాలి?

పాత ఊరిలోనో, విశిష్టమైన కట్టడంలోనో చిత్రీకరణ అనగానే అందమైన చోటు వెతకడమే పని అనుకునేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అందమైన చోటు దొరకడం ఈ పనిలో అన్నిటికన్నా తేలిక. ఆ చోటికి ఎదురుగా కెమెరాతో పాటు యూనిట్ అంతా నిలబడగలదా, కావలసినన్ని గంటలు వెలుతురు ఉంటుందా, నటుల మాటలు స్పష్టంగా రికార్డవుతాయా, ఆ తలుపు తెరిపించే అధికారం నిజంగా ఎవరిది అన్న ప్రశ్నలకు జవాబులు పట్టుకురావడమే రెక్కీ. వీటిలో చివరి ప్రశ్నను అందరూ తేలిగ్గా తీసుకుంటారు. షెడ్యూళ్లు ఎక్కువగా ఆగిపోయేది కూడా అక్కడే.

బయలుదేరే ముందు

కథా సారాంశం విని బయలుదేరకండి, స్క్రిప్టు మొత్తం చదవండి. ఏ సన్నివేశం పగటిది, ఏది రాత్రిది, ఏది లోపల, ఏది బయట, ఏ కాలానికి చెందినది అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. దిక్సూచి, సూర్యగమనాన్ని చూపే యాప్ ఉన్న ఫోన్, కొలత టేపు, టార్చిలైటు, నోటుపుస్తకం ఉంటే చాలు. మొదటి విడత రెక్కీకి డ్రోన్ తీసుకువెళ్లకూడదు. అది ఎగరగానే ఊరంతా పోగవుతుంది, అడిగే అద్దె పెరుగుతుంది, పైగా సినిమాలో ప్రేక్షకుడు చూసేదంతా దాదాపుగా మనిషి కంటి ఎత్తు నుంచే.

ఊరిని నడిచి చూడండి

ఇంటర్నెట్‌లో ఫొటోలు చూసి లొకేషన్ ఖాయం చేసే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది. ఆ ఫొటో ఎప్పుడు తీశారో, ఏ లెన్సుతో తీశారో, పక్కనున్న సెల్ టవర్‌ను చెరిపేశారో లేదో మీకు తెలియదు. కారులో కూర్చుని చూసినా పెద్ద తేడా ఉండదు. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవాలి, నడిచిన దారిలోనే వెనక్కి రావాలి, ఎందుకంటే రెండు దిక్కుల నుంచి వీధి రెండు రకాలుగా కనిపిస్తుంది.

మీరు వెతకవలసింది ఒక గొప్ప భవనాన్ని కాదు, కొత్త నిర్మాణం అడ్డురాని వరుసను. జర్మనీలోని గోర్లిట్జ్ పట్టణానికి సినిమా బృందాలు పదేపదే వెళ్లడానికి కారణం అదే. రెండో ప్రపంచ యుద్ధంలో పెద్దగా దెబ్బతినకపోవడం వల్ల అక్కడ పాత వీధులు తెగిపోకుండా మిగిలాయి. ఆ ఊళ్లోనే 1913లో ప్రారంభమై, తరువాతి కాలంలో మూతపడిన ఒక డిపార్ట్‌మెంట్ స్టోరు భవనం ఒక ప్రసిద్ధ చిత్రంలో హోటల్ లాబీగా మారింది. జనం కాపురముంటున్న అద్భుతమైన మేడ కన్నా ఖాళీగా పడివున్న ఓ మోస్తరు మేడ మంచి లొకేషన్ అని నేను ఎప్పుడూ చెప్పేది ఇందుకే. కథలోని ఊరి పేరు పట్టుకుని వేలాడవలసిన అవసరం కూడా లేదు. ఇటలీలోని మతేరా 1964లోనే తెర మీద జెరూసలేంగా కనిపించింది.

ఫొటోలు కంటి ఎత్తు నుంచే తీయండి. ఫోన్‌లోని వైడ్ కెమెరాను వాడకూడదు, అది ఇరుకు గదిని హాలుగా చూపి ఛాయాగ్రాహకుణ్ని మోసం చేస్తుంది. భవనాన్ని ఫొటో తీసిన చోటే వెనక్కి తిరిగి ఇంకో ఫొటో తీయండి. మానిటర్, లైట్లు, మనుషులు ఉండవలసినది ఆ రెండో ఫొటోలోని స్థలంలోనే. కెమెరాను ఎదురు దిక్కుకు తిప్పి తీసే రివర్స్ షాట్‌లో కనిపించేది కూడా అదే.

వెలుతురు, శబ్దం, కరెంటు

సూర్యుడు గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతున్నట్లు కనిపిస్తాడు కాబట్టి ఇరుకు వీధిలో ఎండ నిలిచే సమయం మీరు ఊహించిన దానికన్నా తక్కువ. భవనం ముఖం ఏ దిక్కుకు ఉందో రాసుకుని, షూటింగ్ జరగబోయే తేదీకి యాప్‌లో లెక్క చూడండి, రెక్కీ నాటి ఎండను నమ్మకండి. అయనరేఖలకు (కర్కట, మకర రేఖలకు) బయట ఉన్న ఏ ఊరిలోనైనా జూన్‌కూ డిసెంబరుకూ మధ్య మధ్యాహ్న సూర్యుడి ఎత్తులో దాదాపు 47 డిగ్రీల తేడా వస్తుంది. వేసవిలో ఎండతో మెరిసిన గుమ్మం చలికాలంలో రోజంతా నీడలో ఉండవచ్చు. లోపలి భాగాల విషయానికి వస్తే, వెలుతురు ఎక్కడి నుంచి దిగుతోందో ముందు చూడండి. లాస్ ఏంజెలెస్‌లో 1893లో పూర్తయిన బ్రాడ్‌బరీ భవనాన్ని కెమెరాకు ఇష్టమైన చోటుగా చేసినది దాని ఇనుప కటకటాలు మాత్రమే కాదు, నడిమి ఖాళీ మీది గాజు కప్పు కూడా.

శబ్దం కోసం కళ్లు మూసుకుని కొన్ని నిమిషాలు నిలబడండి. సింక్ సౌండ్, అంటే నటుల మాటలను షూటింగ్ సమయంలోనే రికార్డు చేసే సన్నివేశమైతే, షూటింగ్ వారంలో ఏ రోజున జరుగుతుందో ఆ రోజునే, అదే గంటల్లో మరోసారి వెళ్లాలి, దీనికి మినహాయింపు లేదు. ఆదివారం నిశ్శబ్దంగా ఉన్న వీధిలో సోమవారం బడి గంట, రంపపు మిల్లు, రైలు కూత అన్నీ వినిపిస్తాయి.

భవనంలోని వైరింగ్ నుంచి కరెంటు తీసుకోకూడదు. 18 కిలోవాట్ల లైటు ఒక్కటే 230 వోల్టుల దగ్గర దాదాపు 80 ఆంపియర్లు లాగుతుంది, పాత ఇంటి వైర్లు ఆ భారం మోయలేవు. జనరేటర్ వ్యాన్ మోత మైకుకు వినపడనంత దూరంలో, కేబుల్ చేరగలిగేంత దగ్గరలో ఎక్కడ నిలుస్తుందో చూసుకోండి.

అనుమతి ఎవరు ఇవ్వాలి?

ఇక్కడ నిదానించండి. పాత భవనంలో తలుపు తీసిన మనిషి, తాళం చెవి ఉన్న మనిషి, అద్దెకు ఉంటున్న మనిషి, పత్రాల్లో పేరున్న మనిషి నలుగురూ వేర్వేరు వ్యక్తులు కావచ్చు. తలుపు తీసినవారు ఆదరంగా మాట్లాడి, ఇల్లంతా చూపించి, తప్పకుండా చేసుకోండి అని చెప్పగానే లొకేషన్ ఖాయమైందని దర్శకుడికి ఫోన్ చేసేవారిని చాలామందిని చూశాను. వారి మంచితనానికి విలువ ఉంది, చట్టం ముందు మాత్రం ఆ మాట చెల్లదు.

తరాల నాటి ఇల్లయితే అది చాలాసార్లు వారసులందరి ఉమ్మడి ఆస్తిగానే మిగిలి ఉంటుంది. ఒకరు సంతకం పెట్టి డబ్బు తీసుకుంటే, మరొకరు వచ్చి షూటింగ్ మధ్యలో నిలబడతారు. అందుచేత ఆస్తి పత్రం కాపీని, పన్ను రసీదును మర్యాదగా అడగండి. పంపకం జరిగిందా అని నేరుగా అడగడం అపరిచితుడి నోట బాగుండదు కాబట్టి, ‘ఒప్పందంలో ఎవరెవరి పేర్లు రాయమంటారు?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఆ కుటుంబపు పరిస్థితి సగం తెలిసిపోతుంది. వారసులు దూరాన ఉంటే సంతకం చేసే వ్యక్తికి వారు రాసిచ్చిన అధికార పత్రం చూడాలి. కోర్టులో వివాదం నడుస్తున్న ఇల్లని తెలిస్తే, ఎంత అందమైనదైనా నమస్కారం పెట్టి బయటికి రండి.

భవనం ఒకరిదైనా దాని ముందున్న వీధి ఇంకొకరిది. వీధి స్థానిక సంస్థది, రాకపోకలు ఆపడం పోలీసుల అనుమతితో ముడిపడినది, ఎదురింటి ముఖం ఆ ఇంటివారిది. రక్షిత కట్టడమైతే యజమాని ఒప్పుకున్నా పురావస్తు శాఖ గానీ వారసత్వ పరిరక్షణ సంస్థ గానీ లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి, ఆ కాగితం రావడానికి పట్టే సమయం మీ షెడ్యూలును పట్టించుకోదు. ఏ అనుమతిలోనైనా ‘చిత్రీకరణ’ అనే ఒక్క మాట ఉంటే చాలదు. లైట్లు, ట్రాలీ పట్టాలు, పొగ యంత్రం, వంటవాళ్ల పొయ్యి, వాహనాలు నిలిపే చోటు ఒక్కొక్కటీ పేరుపేరునా ఉండాలి.

యజమానితో మాట్లాడేటప్పుడు హీరో పేరు చెప్పకండి. చెప్పిన మరుక్షణం అద్దె మారిపోతుంది, మరునాటికి గేటు ముందు జనం చేరతారు. దాచకూడనిది మాత్రం ఒకటి ఉంది, అది కలగబోయే ఇబ్బంది. ఎంతమంది వస్తారో, ఏ గదులు ఖాళీ చేయాలో, రాత్రి ఎన్ని గంటల దాకా పని సాగుతుందో, గోడ రంగు మార్చవలసి వస్తుందో లేదో ఉన్నదున్నట్లు చెప్పండి. కొందరు తోటివారు ముందు తక్కువ చెప్పి, సామాను దిగాక ఒక్కొక్కటిగా బయటపెట్టడం తెలివి అనుకుంటారు. ఆ పద్ధతి వల్లనే కొన్ని ఊళ్లలో సినిమావాళ్లంటే తలుపులు వేసుకునే పరిస్థితి వచ్చింది.

ఒప్పందంలో షూటింగ్ రోజులతో పాటు సెట్ సిద్ధం చేసే రోజులు, మళ్లీ యథాస్థితికి తెచ్చే రోజులు, ప్యాచ్ వర్క్‌కు, అంటే మిగిలిపోయిన చిన్న షాట్లు తీయడానికి తిరిగి రాగల హక్కు, డబ్బు ఇచ్చే దశలు, నష్టానికి బాధ్యత, బీమా రాసి ఉండాలి. ఎదురుగా ఉన్న చిన్న దుకాణాలకు ఆ రోజు వ్యాపారం ఆగిపోతుంది కనుక వారికి ఇచ్చే పరిహారాన్ని ఖర్చు లెక్కలో ముందే చేర్చండి.

భవనానికి హాని జరగకుండా

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ అడుగుపెట్టకముందే ప్రతి గోడనూ, నేలనూ, అప్పటికే ఉన్న ప్రతి పగులునూ తేదీతో ఫొటో తీసి, యజమాని చేత సంతకం చేయించండి. సున్నపు గోడకు టేపు అంటిస్తే తీసేటప్పుడు పూత ఊడి వస్తుంది, మేకు కొడితే చుట్టూ పెచ్చులు రాలుతాయి. గోడచిత్రాలున్న గదిలో పొగ యంత్రం పెట్టనివ్వకండి. పై అంతస్తు చెక్క నేల అయితే క్రేన్ మాట అటుంచి, మనుషుల బరువుకైనా ఇంజనీరు పరీక్షించి చెప్పాలి. తలుపుల వెడల్పు, గడప ఎత్తు, మెట్ల మలుపు కొలవడం మరవకండి.

నివేదిక

ఒక్కో లొకేషన్‌కు చేతితో గీసిన ప్లాను, దిక్కులు, కొలతలు, ఎండ వేళలు, శబ్దాల వివరం, వ్యాన్లు నిలిచే చోటు, అనుమతుల స్థితి రాసి, ఫొటోలు వాటి తరువాత పెట్టండి. ఫొటోలు ముందు పెడితే దర్శకుడు మిగతాది చదవడు. ఒక్క సన్నివేశానికి రెండు చోట్లకు మించి చూపించకండి. ఆ రెండింటిలో దేనికి కాగితాలు పూర్తయ్యాయో మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయండి.