రబ్బరు గ్లౌజు మీ చెయ్యే అనిపించాలంటే ఇలా చేయండి

‘నేను’, ‘నా ఒళ్లు’ అన్న భావన మెదడులో ఎట్లా పుడుతుందో చదవడం ఒక ఎత్తు, మన బల్ల మీదే చేసి చూడటం ఒక ఎత్తు. మాథ్యూ బాట్వినిక్, జొనాథన్ కోహెన్ అనే శాస్త్రవేత్తలు 1998లో నేచర్ అనే సైన్స్ పత్రికలో రాసిన ప్రయోగం ఇది. ల్యాబు అక్కర్లేదు, దేవరకొండ దగ్గర ఏ ఊరి బడిలోనైనా చేయొచ్చు.

మెడికల్ షాపులో దొరికే గ్లౌజు, ఒకే రకం పెయింటింగ్ బ్రష్‌లు రెండు, ఒక అట్టపెట్టె, ఒక తువ్వాల కావాలి. గ్లౌజులో దూది కుక్కొచ్చు గానీ నన్నడిగితే తవుడు మేలు, వేళ్ల చివరిదాకా దిగుతుంది, బరువుగా కూర్చుంటుంది, మిర్యాలగూడ దిక్కు రైసు మిల్లులుండగా తవుడుకు కొదవేముంది. మరీ బిగించి నింపితే వేళ్లు ఉబ్బిపోతాయి, చూసుకోండి.

కూర్చున్న మనిషి కుడిచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టించి, అది కనపడకుండా పక్కన అట్ట నిలబెట్టండి. అట్టకు ఇవతల, అసలు చేతికి జానెడు దూరంలో గ్లౌజు అదే దిశలో ఉండాలి, దాని బొటనవేలు ఎడమవైపుకు రావాలి. అడ్డంగా తిప్పి పెడితే మెదడు ఒప్పుకోదు. భుజం నుంచి గ్లౌజు మణికట్టు దాకా తువ్వాల కప్పేయండి.

ఇక అసలు పని. ఆ మనిషి గ్లౌజునే చూస్తుండాలి. మీరు రెండు బ్రష్‌లతో అట్ట వెనక అసలు చేతి మీదా, గ్లౌజు మీదా ఒకే వేలిని, ఒకే చోట, ఒకే క్షణంలో నిమురుతూ పోవాలి. ఇక్కడ తొందరపడొద్దు, ఎందుకంటే అర సెకను తేడా వస్తే చాలు, చాలావరకు చెడిపోతుంది. రెండు మూడు నిమిషాల్లో చాలామందికి ఆ స్పర్శ గ్లౌజులోనే తెలుస్తున్నట్టు, అది తమ చెయ్యే అన్నట్టు అనిపిస్తుంది. అందరికీ రాదు, రానివాళ్లను బలవంతపెట్టకండి.

అప్పుడు కళ్లు మూయించి, కుడి చూపుడువేలు ఎక్కడుందో ఎడమచేత్తో బల్ల కింద నుంచి చూపించమనండి. అసలు చోటు వదిలి గ్లౌజు వైపు జరిగి చూపిస్తారు. తర్వాత కావాలనే ఒక బ్రష్‌తో ముందు, రెండోదాంతో కాస్త ఆలస్యంగా నిమరండి. ఆ భావన రాదు, వచ్చినా చాలా తక్కువ. పిల్లలకు ఈ రెండోది తప్పకుండా చూపించండి, విషయమంతా ఇందులోనే ఉంది. చెయ్యి ఎక్కడుందో మెదడుకు కన్ను, చర్మం, కీళ్లు, కండరాలు వేర్వేరుగా కబురు పంపుతాయి. కన్ను, చర్మం చెప్పేవి ఒకే క్షణంలో కలిసినప్పుడు మెదడు కీళ్ల మాట పక్కనపెట్టి ‘ఇది నాదే’ అని తేల్చేస్తుంది. ఆ సమయంలో ప్రీమోటార్ కార్టెక్స్ (కదలికలకు సిద్ధం చేసే మెదడు భాగం) చురుగ్గా ఉంటుందని 2004లో హెన్రిక్ ఎర్సన్ బృందం స్కానింగుతో చూపించింది. అంటే నా ఒళ్లు అన్నది పుట్టుకతో వేసిన ముద్ర కాదు, మెదడు క్షణక్షణం వేసే అంచనా. జ్ఞాపకాలు, పేరు, బంధాలతో వచ్చే ‘నేను’ వేరే ఉంది, దాన్ని ఈ ప్రయోగం ముట్టుకోదు.

పంట నూర్చే మిషన్లో చెయ్యి పోయినవాళ్లు లేని చేతిలో నొప్పి అంటే దయచేసి భ్రమ అని కొట్టిపారేయకండి, గాలి సోకిందని తాయెత్తు కట్టించకండి. చెయ్యి పోయినా మెదడులో దాని లెక్క పోదు. మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో మంచి చేతి ప్రతిబింబాన్ని అద్దంలో చూపించి కొందరికి ఆ బాధ తగ్గించారు. అలాంటివాళ్లు మీ ఇంట్లో ఉంటే ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లి, అద్దంతో చేయించే చికిత్స పనికొస్తుందేమో అడగండి.