చలి పొద్దున కట్టెల పొయ్యి త్వరగా అంటుకోవాలంటే

మాది ఆదిలాబాద్ జిల్లా, ఉట్నూరు వైపు ఒక పల్లె. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని రోజులు ఇక్కడ తెల్లవారుజామున 5 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది. ఇంట్లో గ్యాస్ ఉంది, చాయ్, కూర దాని మీదే. కానీ ఇంటిల్లిపాదికీ స్నానాల నీళ్లు కాగాలన్నా, జొన్నరొట్టె బాగా పొంగాలన్నా పెరట్లో కట్టెల పొయ్యే దిక్కు. చలిలో దాని ముందు కూర్చుని, పొగకు కళ్లు మండుతుంటే పుల్ల మీద పుల్ల గీసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. అప్పటికప్పుడు వాళ్లు చేయగలిగింది తక్కువే. సగం పని ముందు రాత్రే అయిపోవాలి.

అన్నిటికంటే సులువైన దారి నిప్పు చావకుండా చూసుకోవడం. ఇది మా అత్తమ్మ దగ్గర నేర్చుకున్నా. రాత్రి పని అయ్యాక కాలుతున్న కట్టెలు బయటికి లాగి, ఎర్రటి బొగ్గులన్నీ పొయ్యిలో ఒక మూలకు దగ్గరగా కుప్ప చేయాలి. దాని మీద పొడి బూడిద నాలుగు వేళ్ల మందాన కప్పాలి. పొయ్యి నోటికి ఒక చదును రాయి అడ్డం పెడితే గాలికి బూడిద లేచిపోదు. తుమ్మ, చింత నిప్పులైతే తెల్లారేదాకా ఉంటాయి. మోదుగ, బూరుగ లాంటి తేలిక కట్టెలు భగ్గున మండుతాయి గానీ నిప్పు నిలవదు. పొద్దున పుల్లతో బూడిద పక్కకు తీస్తే పైన తెల్లగా కనిపించే బొగ్గు కింద ఇంకా ఎర్రగా ఉంటుంది. నాలుగు ఎండు చితుకులు వేసి గొట్టంతో రెండుసార్లు ఊదితే చాలు, అగ్గిపుల్లతో పనే లేదు. అయితే ఇది ఆరుబయట పొయ్యికే. పక్కన గడ్డివాము గానీ, తడిక గానీ ఉంటే అసలు వద్దు.

బయటికి లాగిన కట్టెల మీద చాలామంది నీళ్లు చల్లుతారు. వద్దు. మండే కొసను బూడిదలో గుచ్చితే అదే ఆరిపోతుంది. పూర్తిగా ఆరిందో లేదో చూసి పక్కన పెట్టండి. ఒకసారి కాలి నల్లబడ్డ కొస కొత్త కట్టె కంటే త్వరగా అందుకుంటుంది. మరుసటి రోజు మంటకు అదే మొదటి ఆసరా.

ఇక కట్టె సంగతి. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. చీల్చి ఒక ఎండాకాలం బాగా ఎండబెడితే ఆ తడి ఐదో వంతుకో, అంతకంటే తక్కువకో దిగుతుంది. తడి ఉన్నంతసేపూ వేడంతా ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది, మనకు మిగిలేది పొగ. రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవైతే టక్కుమంటాయి, పచ్చివైతే మొద్దుగా చప్పుడు చేస్తాయి. పొయ్యిలో పెట్టాక కొస నుంచి నురగ వచ్చి సుయ్యిమంటే ఆ కట్టె ఇంకో నెల ఆగాల్సిందే.

చలికాలంలో ఎండిన కట్టె కూడా మంచుకు చెమరుస్తుంది. అందుకే మోపుల కింద రెండు దుంగలు వేసి నేలకు తగలకుండా పేర్చండి. తాడిపత్రి పైన మాత్రమే కప్పి పక్కలు వదిలేయాలి. చుట్టూ బిగిస్తే తడి లోపలే ఉండిపోతుంది. పొద్దుటికి కావలసిన కట్టెలు మాత్రం రాత్రే ఇంట్లోకి తెచ్చి పెట్టుకోవాలి.

రాత్రి నిప్పు ఆరిపోయిందనుకోండి, మొదటి నుంచి రాజేయాలి. పాత బూడిద తీసేయండి, అడుగున రెండు వేళ్ల మందం ఉంచితే చాలు. మొత్తం తీసేస్తే చల్లటి నేల వేడిని లాగేస్తుంది, ఎక్కువ ఉంటే కింద గాలి ఆడదు. అటొకటి ఇటొకటి రెండు లావు కట్టెలు పెట్టి, నడుమ కొబ్బరి పీచు, దాని మీద వేలంత సన్నని కందికట్టె అడ్డదిడ్డంగా వేయండి. ఎండిన కందికట్టె సన్నగా ఉంటుంది కాబట్టి ఇట్టే అంటుకుంటుంది. కంది కోశాక రెండు మోపులు దాచుకుంటే మళ్లీ చలికాలం దాకా వస్తాయి. అది లేనివాళ్లకు గింజలు ఒలిచిన ఎండు మక్క కంకులు ఉన్నాయి. పీచు కింద కర్పూరం బిళ్ల పెట్టి అంటిస్తే కొద్దిపాటి గాలికి అంత త్వరగా ఆరదు. ప్లాస్టిక్ కవర్లు, టైరు ముక్కలు మాత్రం వేయకండి, ఆ పొగ విషం. నిప్పుల మీద కిరోసిన్ పోస్తే ఆవిరి ఒక్కసారిగా అంటుకుని మొహం మీదికి లేస్తుంది.

కందికట్టె బాగా మండే వరకు లావు కట్టె ఎగదోయొద్దు. ఊదేటప్పుడు మంట మీద కాదు, కింద ఎర్రగా ఉన్న చోట నిదానంగా, పొడుగ్గా ఊదాలి. పొయ్యి నోట్లో మూడు కట్టెలకు మించి పెట్టకండి, కట్టెకూ కట్టెకూ మధ్య చెయ్యి దూరేంత సందు ఉండాలి.

నీళ్ల కాగు కూడా మంట నిలబడ్డాకే ఎక్కించాలి. చల్లటి నీళ్లున్న కాగు అడుగు మంట తగలగానే చెమర్చి, ఆ చుక్కలు సరిగ్గా నిప్పు మీదే పడతాయి. అప్పుడే అందుకున్న సన్నపుల్లలు దాంతో పొగలోకి తిరుగుతాయి. కాగు అడుగున పలచగా మట్టి పూస్తే మసి మట్టితో పాటే ఊడొస్తుంది, తోమడం తేలిక.

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. చలికి ఓర్వలేక నిప్పుల కుంపటి గదిలో పెట్టుకుని తలుపులు మూసుకుని పడుకునేవాళ్లు ఉన్నారు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పొగలా కళ్లు మండవు, నిద్రలోనే ప్రాణం పోతుంది. పసిపిల్లలకు, ముసలివాళ్లకు కాపడం కావాలంటే బట్టను పొయ్యి సెగకు వేడి చేసి లోపలికి తీసుకెళ్లండి, నిప్పును బయటే ఉంచండి.