మీథేన్ లీకును ఉపగ్రహ చిత్రంలో పట్టుకోవడం

మా కుర్రాళ్లకు మీథేన్ చూడటం నేర్పేటప్పుడు తుర్క్‌మెనిస్తాన్ ఎడారితోనే మొదలుపెడతాను. మబ్బు తక్కువ, నేల ఒకే రంగు, లీకులు పెద్దవి. అక్కడి కోర్పెజె గ్యాస్ క్షేత్రం దగ్గర లీకు బయటపడిందీ విచిత్రంగానే: కెనడా కంపెనీ జీహెచ్‌జీశాట్ వాళ్ల ఉపగ్రహం పక్కనున్న బురద అగ్నిపర్వతాన్ని చూడబోతే ఇది కంటపడింది.

యూరప్ ఉపగ్రహాల చిత్రాలు చూపే కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటు తెరిచి ఉచిత ఖాతాతో లోపలికి వెళ్లండి. వెతికే పెట్టెలో ఆ క్షేత్రం అక్షాంశ రేఖాంశాలు 38.49, 54.20 కొట్టండి. సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రాల్లో ఎల్1సీ రకం తీసుకుని, మబ్బు 10 శాతం లోపు పెట్టి, 2018 మే తర్వాతి తేదీ ఒకటి ఎంచుకోండి. ఎల్2ఎ వద్దు, వాతావరణం ప్రభావాన్ని దిద్దేసిన చిత్రం అది. మనకు కావలసింది ఆ వాతావరణమే.

ఇప్పుడు కస్టమ్ అనే మెనూలో ఇండెక్స్ (రెండు కాంతి పట్టీల తేడాను వాటి మొత్తంతో భాగించిన విలువ) ఎంచుకోండి: మొదటి పట్టీ బి12, రెండోది బి11. రెండూ పరారుణ కాంతే. 2.2 మైక్రాన్ల దగ్గరుండే బి12ను మీథేన్ గట్టిగా మింగుతుంది, 1.6 దగ్గరి బి11ను అంతగా ముట్టుకోదు. కాబట్టి గ్యాస్ ఉన్నచోట విలువ తగ్గుతుంది. తేడా చాలా కొద్ది. రంగుల స్లైడర్‌ను బాగా దగ్గరికి లాగితే తప్ప కనబడదు.

తోకలాంటి మచ్చ దొరికిందా? సంబరపడకండి. తడి నేల, తారురోడ్డు కూడా అలాగే మోసం చేస్తాయి. ఇంకో నాలుగు తేదీలు తెరవండి. కదలకపోతే అది నేలే. మొదలు ఒకేచోట ఉండి తోక మాత్రం రోజుకో దిక్కు తిరిగితే గ్యాస్ అనుకోవచ్చు. గాలి దిశను నల్‌స్కూల్ అనే ఆన్‌లైన్ గాలుల పటంలో ఆ రోజు యూటీసీ (గ్రీన్‌విచ్ సమయం) ఉదయం 6, 9 గంటలకు చూసి సరిపోల్చండి. ఉపగ్రహం ఆ మధ్యలోనే దాటుతుంది.

సెంటినెల్-5పి అనే మరో ఉపగ్రహం మీథేన్ పొర కూడా వేసి చూడండి, కానీ అది దాటేది అక్కడి సమయం ప్రకారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు. అప్పటికి గాలి మారి ఉండొచ్చు. పైగా 2018లో దాని గడి (చిత్రంలో ఒక చుక్క నేల మీద కప్పే చదరం) 7 కిలోమీటర్లు. లీకు ఏ పైపుదో చెప్పలేదు. మచ్చ ముదురు చూసి టన్నుల లెక్క మాత్రం చెప్పకండి, దానికి గాలి వేగం కావాలి.

గోదావరి డెల్టా వరిపొలాలకు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ గ్యాస్ ఒకచోటి నుంచి ఎగజిమ్మదు, పొలమంతా పరుచుకుని వస్తుంది. సెంటినెల్-5పి నెలసరి సగటులే దిక్కు. సార్వాలో మబ్బులు చూడనివ్వవు. దాళ్వా నెలలు తీసుకోండి, సముద్రం అంచు గడులు వదిలేయండి.